నీరు పల్లమెరుగు, మురుగు ధర ఎరుగు: హైదరాబాద్‌లో కాలుష్యం ఎవరి గుమ్మం ముందు ఆగుతుంది?

2024 సెప్టెంబరు చివర్లో చాదర్‌ఘాట్ దగ్గర, మూసీ ఒడ్డు బస్తీల్లో, మూసీ పునరుజ్జీవన ప్రాజెక్టు కోసం ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. ఆ గుర్తు పడిన ఇల్లు నది గర్భంలో ఉన్నట్టు లెక్క. అంతకు రెండు నెలల ముందే పుట్టిన హైడ్రా, అంటే చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ, చెరువుల ఎఫ్‌టీఎల్‌లో (నిండుగా ఉన్నప్పుడు నీళ్లు చేరే హద్దులో) కట్టిన కట్టడాలను కూలుస్తూ రోజూ వార్తల్లో ఉంది. టీవీ చర్చల్లో రెండే మాటలు వినిపించాయి. ఒకరు ‘ఆక్రమణదారులు’ అన్నారు, ఇంకొకరు ‘పేదలు’ అన్నారు. ఏడాది తిరిగేసరికి, 2025 సెప్టెంబరు చివరి వారంలో, జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తడంతో ఎంజీబీఎస్ బస్ స్టాండులోకే మూసీ వచ్చేసింది. అవే బస్తీలు మళ్లీ మునిగాయి.

నది పక్కన, నాలా మీద, చెత్త గుట్ట కింద, రసాయన వాగు ఒడ్డున జనం ఎందుకు ఉంటారు? ‘వేరే దారి లేక’ అంటే నిజమే కానీ అది సగం జవాబు. మిగతా సగం భూమి ధరలో ఉంది.

ఏది ఎక్కడ, ఎందుకు అక్కడే?

ఆర్థిక భూగోళశాస్త్రం అనే పేరు పెద్దది కానీ అది అడిగే ప్రశ్న చిన్నది. ఫలానా పని, ఫలానా సంపద, ఫలానా నష్టం ఆ చోటే ఎందుకు చేరాయి?

మందుల పరిశ్రమనే తీసుకుందాం. 1961లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ ఏర్పడింది. దాని సింథటిక్ మందుల ఫ్యాక్టరీ బాలానగర్‌లో పెట్టారు. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు, ఇంజనీర్లు బయటికొచ్చి సొంతంగా యూనిట్లు పెట్టుకున్నారు. ముడి సరుకు అమ్మేవాళ్లు, రియాక్టర్లు బాగుచేసేవాళ్లు, డ్రమ్ములు కొనేవాళ్లు వాళ్ల చుట్టూ చేరారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ఇలా నిండాయి. ఒకే రకం పనివాళ్లు ఒక్కచోట చేరితే అందరికీ ఖర్చు తగ్గుతుంది. అబిడ్స్‌లో పుస్తకాల షాపులు, రాణీగంజ్‌లో హార్డ్‌వేర్ షాపులు పక్కపక్కనే ఉండేది కూడా ఇందుకే.

ఒక్కచోట చేరితే లాభంతో పాటు వ్యర్థమూ ఒక్కచోటే చేరుతుంది. పటాన్‌చెరు మందు ప్రపంచమంతా వెళ్లింది. మందు చేయగా మిగిలిన నీళ్లు మాత్రం నక్కవాగు గుండా మంజీరా నది వైపు వెళ్లాయి. దారిలోని పల్లెల బోర్లు, పొలాలు పాడయ్యాయని 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. గుర్తుంచుకోండి, ఇది శుద్ధి చేశాక వదిలిన నీరు.

ఆ తర్వాత ఆ నీటిని వాగులో వదలకుండా, 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరం మురుగు లైన్లో కలిపారు. అది అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి చేరుతుంది. నక్కవాగు ఒడ్డు రైతులకు కొంత ఊరట దొరికింది. మూసీ కింది రైతులు ‘మరి మా సంగతేంటి?’ అన్నారు. కాలుష్యాన్ని తగ్గించడం వేరు, జరపడం వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నష్టం ఖాతాలో పడకపోతే ఏమవుతుంది?

ఇక్కడ ఒక పదం కావాలి: బాహ్య ప్రభావం. ఇద్దరి మధ్య జరిగిన బేరం ఖర్చు, ఆ బేరంలో లేని మూడో మనిషి మీద పడటం. ఆర్థర్ పిగూ అనే ఆర్థికవేత్త 1920లో దీన్ని వివరంగా చర్చించాడు. నష్టం చేసేవాడి మీద ఆ మేరకు పన్ను వేస్తే దారికొస్తాడు అన్నాడు.

ఊహాలెక్క ఒకటి వేద్దాం. ఒక యూనిట్ దగ్గర ట్యాంకరు నిండా రసాయన నీరుంది. శుద్ధి చేయిస్తే 5,000 రూపాయలు. రాత్రిపూట ఏ కుంటలోనో వదిలిస్తే 1,000 రూపాయలు. యజమానికి మిగిలేది 4,000. ఆ కుంట పక్కన 20 కుటుంబాల బోర్లు పాడై, ఒక్కో ఇంటికి 500 రూపాయల చొప్పున నీళ్లకీ మందులకీ ఖర్చయిందనుకోండి, మొత్తం 10,000. ఒకరు 4,000 మిగుల్చుకోవడానికి ఆ 20 కుటుంబాలు కలిసి 10,000 పోగొట్టుకున్నాయి. యజమాని లెక్కల పుస్తకంలో మాత్రం 4,000 లాభమే కనిపిస్తుంది.

రోనాల్డ్ కోస్ 1960లో ఇంకో దారి చూపించాడు. హక్కు ఎవరిదో స్పష్టంగా ఉండి, బేరమాడుకోవడానికి ఖర్చు లేకపోతే, ఇరువైపులా కూర్చుని పరిష్కరించుకోగలరు. పన్ను కూడా అక్కర్లేదు. కాగితం మీద బాగుంటుంది. ఆ 20 ఇళ్లవాళ్లకు ట్యాంకరు ఎవరిదో తెలియదు. పైగా వచ్చేది రాత్రి. కడుపునొప్పి మొదలయ్యేసరికి ఏళ్లు గడుస్తాయి. బేరం ఖర్చు అసలు ఖర్చు కన్నా పెద్దది. నిజానికి కోస్ గట్టిగా చెప్పింది కూడా ఇదే, మనం ఆయన్ని సగమే గుర్తుపెట్టుకుంటాం.

ఇందులో ఇంకో మడత ఉంది. నష్టాన్ని రూపాయల్లో కొలిస్తే, రూపాయలు తక్కువున్న చోట నష్టం కూడా తక్కువగా కనిపిస్తుంది. జూబ్లీహిల్స్‌లో దుర్వాసన వస్తే ఇళ్ల ధరలు కోట్లలో పడతాయి. నగరం చెత్త చేరే జవహర్‌నగర్‌లో అదే వాసన వస్తే పడేది లక్షల్లో. ‘అతి తక్కువ నష్టం జరిగే చోట చెత్త వేద్దాం’ అని ఎంత నిజాయితీగా లెక్క కట్టినా, చూపుడు వేలు వెళ్లి పేదల ఇంటి మీదే ఆగుతుంది. ప్రపంచ బ్యాంకు ప్రధాన ఆర్థికవేత్త లారెన్స్ సమర్స్ పేరుతో 1991 డిసెంబరులో రాసిన ఒక అంతర్గత పత్రం 1992లో బయటపడింది. విషవ్యర్థాలను అతి తక్కువ కూలి ఉన్న దేశాల్లో పడేయడం ఆర్థిక తర్కం ప్రకారం తప్పుపట్టలేనిది అని అందులో ఉంది. అది వ్యంగ్యంగా రాసిందని తర్వాత వివరణ వచ్చింది. కానీ ఆ తర్కం ఎన్నో ఫైళ్లలో, వ్యంగ్యం లేకుండానే, రోజూ పనిచేస్తూ ఉంటుంది.

ముందు పేదలు వచ్చారా, ముందు చెత్త వచ్చిందా?

పరిశోధకులు దశాబ్దాలుగా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. అమెరికాలో 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో, నల్లజాతివారు ఎక్కువగా ఉన్న చోట విషపు మట్టిని పూడ్చబోతే జనం రోడ్డు మీద పడుకున్నారు. వందల మంది అరెస్టయ్యారు. ‘పర్యావరణ న్యాయం’ అనే మాట జనం నోట్లోకి వచ్చింది ఆ గొడవ తర్వాతే. గొంతు లేనివాళ్ల పక్కన చూసే చెత్త వేస్తారు అన్నది ఒక పక్షం వాదన.

రెండో పక్షం చెప్పేది వేరు. చెత్త వేసినప్పుడు అక్కడ ఎవరూ ఉండకపోవచ్చు. వేశాక ధర పడిపోతుంది, ఆ ధర చూసి పేదలు వస్తారు, డబ్బున్నవాళ్లు వెళ్లిపోతారు. కుట్ర అక్కర్లేదు, మార్కెట్టే ఆ పని చేస్తుంది.

నగరం చెత్త రెండు దశాబ్దాలకు పైగా చేరుతున్న జవహర్‌నగర్‌ను చూస్తే రెండూ నిజమే అనిపిస్తుంది. దాదాపు 340 ఎకరాల డంపింగ్ యార్డు అది. ఊరికి దూరంగా ఉందని, ప్రభుత్వ భూమి ఉందని అక్కడ పెట్టారు. తర్వాత నగరమే దాని దాకా పాకింది. చుట్టూ చవక ప్లాట్లు, కాలనీలు వచ్చాయి. పాత గుట్టను కప్పేశారు, చెత్త నుంచి కరెంటు తీస్తున్నారు. అయినా గుట్ట నుంచి కారిన నల్లటి ఊట మల్కారం చెరువును పాడుచేసిన సంగతి స్థానికులెవరినడిగినా చెబుతారు. చెత్త అక్కడ వేయాలన్నది ఒక ఆఫీసు నిర్ణయం. దాని పక్కన ఎవరుండాలన్నది ప్లాటు ధర తేల్చింది.

ఒక కిరాయి ఇంటి లెక్క

నాలా పక్కన ఇల్లు తీసుకునేవాళ్లకు ప్రమాదం తెలియదని చాలామంది అనుకుంటారు. తెలుసు. వాళ్ల లెక్క ఎలా ఉంటుందో ఊహించి చూద్దాం.

ఎత్తున ఉన్న గల్లీలో రెండు గదుల కిరాయి 8,500. నాలా అంచున అలాంటిదే 5,000. నెలకు 3,500 మిగులుతుంది, ఏడాదికి 42,000. అయిదేళ్లకోసారి ఇల్లు మునిగి ఫ్రిజ్, బియ్యం, బండి, పిల్లల సర్టిఫికెట్లు కలిపి 60,000 నష్టం అనుకుంటే ఏడాదికి సగటున 12,000. దోమలు, జ్వరాల మందులకు నెలకు 500, ఏడాదికి 6,000. మొత్తం 18,000. అంటే ఏడాదికి 24,000 ఇంకా మిగులే. నాలా అంచున ఇల్లు తీసుకున్న మనిషి లెక్క తప్పలేదు.

సగటులోనే ఉంది అసలు తిరకాసు. వరద ఏడాదికి అయిదో వంతు రాదు, ఒక్క రాత్రిలో మొత్తం వస్తుంది. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 24 గంటల్లో దాదాపు 19 సెంటీమీటర్ల వాన పడింది. పాతబస్తీ వైపు చెరువులు తెగి హఫీజ్‌బాబానగర్, అల్ జుబైల్ కాలనీ లాంటివి రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రభుత్వం ఇంటికి 10,000 సాయం ప్రకటించింది. అలాంటి రాత్రి మన లెక్కలోని కుటుంబం 60,000 కోసం నూటికి అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే నెలకు వడ్డీయే 3,000. కిరాయిలో మిగుల్చుకున్న 3,500లో 500 పోను అంతా దానికే, అసలు అలాగే ఉంటుంది. మందుల ఖర్చు తీస్తే చేతిలో సున్నా. అదే వరద ఎత్తున ఉన్నవాడి కారు ముంచితే, ఇన్సూరెన్స్ ఉంటుంది. వాన ఒక్కటే అయినా ఇద్దరికీ అందిన బిల్లులు వేరు.

ఈ లెక్కలో పిల్లల ఊపిరితిత్తులకు ధర కట్టలేదు. కుటుంబమూ కట్టదు, కట్టే వీలూ లేదు.

కాపాడిన ఆనకట్టే మురికివాడను కట్టింది

మూసీ కథలో నాకు అన్నిటికన్నా విడ్డూరంగా అనిపించేది ఈ భాగం. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో దాదాపు 15 వేల మంది పోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో 1920లో గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద ఆగింది, తాగునీరూ దొరికింది.

కానీ మంచి నీళ్లు పైనే ఆగిపోతే, నగరం మధ్యలో నదికి మిగిలింది నగరం వదిలిన నీళ్లే. ప్రవాహం తగ్గి ఒడ్డు పొడిగా కనిపించింది, వాసన వల్ల ధర పడిపోయింది, ఆ ధరకు తగ్గ జనం చేరారు. ఎప్పుడో ఒకనాడు గేట్లు ఎత్తితే తప్ప అది నది అని గుర్తురాదు. ఇల్లు కట్టుకున్నవాళ్ల తప్పే అంటే ఈ వందేళ్ల చరిత్రను వదిలేసినట్టు అవుతుంది. వాళ్లకు ఏ బాధ్యతా లేదంటే గేట్లు ఎత్తే రాత్రిని మరిచిపోయినట్టు.

‘ఆక్రమణ’ అనే ఒక్క మాట కింద కనీసం మూడు రకాల మనుషులున్నారు. గుడిసె వేసుకున్నవాళ్లు ఒకరు. నోటరీ కాగితం మీద బ్రోకరు దగ్గర కొన్నవాళ్లు ఇంకొకరు. వీళ్లకు కరెంటు మీటరు వచ్చింది, ఇంటి పన్ను రసీదూ వచ్చింది, ఇక ఇల్లు పక్కా అయిందనుకున్నారు. మూడోవాళ్లు చెరువు శిఖం భూమిలో, నీళ్లు తగ్గినప్పుడు సాగు మాత్రమే చేసుకోవాల్సిన చోట, లేఅవుట్లు వేసి అమ్మినవాళ్లు, ఫంక్షన్ హాళ్లు కట్టినవాళ్లు. చెరువు పది హెక్టార్లు దాటితే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలన్న నిబంధన ముగ్గురికీ ఒకటే. కూల్చే రోజు ముందే తెలిసి కోర్టుకెళ్లి స్టే తెచ్చుకునే శక్తి మాత్రం ముగ్గురికీ ఒకటి కాదు.

కాపాడటానికీ ఒక బిల్లు ఉంటుంది: జీవో 111

కాలుష్యం భారమే కాదు, పర్యావరణాన్ని కాపాడే భారమూ సమానంగా పడదు. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో, 1.32 లక్షల ఎకరాల్లో, కాలుష్య పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను ఆపింది. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమ పెట్టే వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రమాదం లేదని నిరూపించాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవాడిదే అని కోర్టు 1999లో చెప్పింది. అంతకు ముందే, 1996లో, ‘కాలుష్యం చేసినవాడే చెల్లించాలి’ అన్న సూత్రాన్ని అదే కోర్టు మన చట్టంలో భాగంగా గుర్తించింది.

నీళ్లు తాగింది నగరం. ఆగింది ఆ గ్రామాల భూమి ధర. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. జీవో పరిధి గీతకు ఇటువైపున్న రైతుకు ఆ వార్త ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి. ‘మీ నీళ్ల కోసం మేమెందుకు పేదగా ఉండాలి?’ అన్న అతని ప్రశ్నను రియల్ ఎస్టేట్ ప్రచారం అని కొట్టిపారేయలేం. అయితే రైతుల్లో చాలామంది ఎప్పుడో అమ్మేసుకున్నారని, ఆంక్షలు ఎత్తేస్తే లాభం ఫాంహౌసుల యజమానులదేనని పర్యావరణవేత్తలు అంటారు. అదీ కొట్టిపారేసే మాట కాదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను తొలగిస్తున్నట్టు ప్రకటించింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, ఆ చెరువుల మీద పెద్దగా ఆధారపడటం లేదు అన్నది అప్పుడు చెప్పిన కారణం. జీవో 111 ఉన్నన్నాళ్లూ ఆ గ్రామాలకు నష్టపరిహారంగా నగరవాసి నీటి బిల్లులో కొంత కలిపి ఉంటే కథ ఎలా ఉండేదో. ఆ మధ్యేమార్గం గురించి చర్చ పెద్దగా జరగలేదు.

శుభ్రం చేస్తే ఎవరు మిగులుతారు?

ధనం పెరిగేకొద్దీ ముందు కాలుష్యం పెరిగి, ఒక దశ దాటాక తగ్గుతుందని ఒక సిద్ధాంతం ఉంది. కొన్ని రకాల పొగల విషయంలో అది కనిపించింది. కానీ దేశం సగటున శుభ్రపడటం వేరు, అంతకు ముందు అక్కడున్న మనిషికే ఆ శుభ్రత దక్కడం వేరు. చెరువు బాగుపడితే చుట్టూ వాకింగ్ ట్రాక్ వస్తుంది, ఆ తర్వాత ‘లేక్ వ్యూ’ ఫ్లాట్లు వస్తాయి. దుర్గం చెరువు ఒడ్డున సాయంత్రం నడిస్తే ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇల్లున్నవాడికి ధర పెరిగితే ఆస్తి, కిరాయికి ఉన్నవాడికి ఖాళీ చేయమన్న కబురు.

మూసీ పునరుజ్జీవన ప్రాజెక్టు మీద వాదన ఇక్కడే ఇరుక్కుంది. మురుగులో ఎవరినీ బతకమనకూడదు, పక్కా డబుల్ బెడ్రూం ఇల్లు ఇస్తున్నాం కదా అన్నది ప్రభుత్వ పక్షం. 2025 వరదను చూశాక ఆ మాటకు బలం పెరిగింది. బతుకుదెరువు ఇక్కడ, ఇల్లు ఎక్కడో అన్నది బస్తీ పక్షం. దీనికీ లెక్క వేయొచ్చు. మలక్‌పేటలో మూడిళ్లలో పని చేసి నెలకు 9,000 తెచ్చుకునే ఆమెకు కొత్త ఇల్లు 18 కిలోమీటర్ల దూరంలో వచ్చిందనుకోండి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకు ఉచితం కాబట్టి చార్జీ సున్నా. రానూపోనూ మూడు గంటలు మాత్రం ఉచితం కాదు. మూడిళ్ల పనిలో ఒకటి వదిలేయాలి, నెలకు 3,000 పోతుంది. కిరాయి 5,000 మిగులుతుంది కాబట్టి లాభమే అని లెక్క చెబుతుంది. సొంతిల్లు ఉన్నామెకు ఆ కిరాయి మిగులు ఉండదు, ఆమెకు 3,000 నష్టమే. ఒకే బస్తీలో, ఒకే గుర్తు పడిన రెండిళ్లకు రెండు జవాబులు. తరలిస్తే మంచిదా చెడ్డదా అని గుండుగుత్తగా అడిగితే రెండు పక్షాలకూ ఉదాహరణలు దొరికేది ఇందుకే.

నది నగరంతో ఆగదు

టీవీ చర్చల్లో మూసీ నాగోలు దగ్గర అంతమైపోతుంది. నిజానికి అనంతగిరి గుట్టల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా దాదాపు 240 కిలోమీటర్లు నడిచే నది అది. పీర్జాదిగూడ దాటగానే మురుగునీటితో పారాగడ్డి పెంచుతారు. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు పొద్దున్నే మళ్లీ నగరానికే వస్తాయి. ఇంకా కిందికి వెళ్తే భీమలింగం కత్వ లాంటి పాత కత్వల (చిన్న ఆనకట్టల) నుంచి కాలువలు పారి వరి పండుతుంది. కరువు సీమలో ఏడాదంతా పారే నీళ్లు అవి. వాసన, చర్మ రోగాలు, ఊరి బావుల ఉప్పదనం ఒకవైపు. రెండో పంట ఇంకోవైపు. ఆ రైతు దృష్టిలో నగరం మురుగు శాపమూ, జీవనాధారమూ కూడా.

నగరంలో కొత్త శుద్ధి కేంద్రాలు కట్టి మురుగునంతా శుద్ధి చేయాలన్నది లక్ష్యం. శుద్ధి అయిన నీటికి అప్పుడు ధర పుడుతుంది. పరిశ్రమలు అడుగుతాయి, నిర్మాణ కంపెనీలు అడుగుతాయి, కొత్త పార్కులు అడుగుతాయి. మురుగుగా ఉన్నప్పుడు ఎవరూ వద్దనుకుని కిందికి వదిలిన నీళ్లవి. మూసీ కింది వలిగొండ రైతుకు వాటి మీద కాగితం హక్కేదీ లేదు. కాలువ గట్టు మీద కూర్చుని వంతు కోసం ఎదురుచూసే అలవాటు ఒక్కటే ఉంది.